స్థితి: మహోత్తమం

మందపాక హైమవతి మత్స్యశాఖలో చాలా ఏళ్లు పనిచేసింది. కాకినాడ రేవులో ఆవిడ నడిచి వస్తుంటే చేపలమ్మేవాళ్లు బుట్టల మీద గోనెపట్టాలు సర్దుకునేవాళ్లు. నిన్నటి సరుకు మంచు కింద దాచి పైన ఇవాళ్టిది పరిస్తే, ఆవిడ పైదాన్ని ముట్టుకోకుండా చెయ్యి నేరుగా అడుక్కి పోనిచ్చేది. మొప్ప ఎత్తి చూసేది, వాసన చూసేది, ఏమీ అనకుండా అమ్మే మనిషి మొహంలోకి ఒకసారి చూసేది. ఆ చూపుకి తట్టుకోలేక బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. ఇలాంటి మనిషి అంటే శాఖలో పైనుంచి కింద దాకా అందరికీ గౌరవమే. అందుకని అవకాశం రాగానే గౌరవంగా పంపించేశారు.

ఆ అవకాశం ఎలా వచ్చిందంటే, ప్రభుత్వానికి ఆ ఏడు వారసత్వం మీద ప్రేమ పుట్టింది. గుళ్లూ కోటలూ అప్పటికే వేరే శాఖల చేతుల్లో ఉన్నాయి. ఎవరూ చెయ్యివేయని వారసత్వం ఇంకేముందా అని వెతగ్గా వెతగ్గా పాత కంప్యూటర్లు దొరికాయి. వెంటనే రాష్ట్ర గణనయంత్ర వారసత్వ సంస్థ అని ఒకటి పుట్టింది. కాకినాడలో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటి ఖాళీగా ఉంటే అందులో మ్యూజియం పెట్టారు. డైరెక్టరుగా డాక్టర్ కారుమూరు త్రివిక్రమరావుని వేశారు. ఆయన డాక్టరేటు ప్రబంధాల్లో విశేషణాల మీద. కంప్యూటర్లంటే ఆయనకి భక్తి, అందుకే ఎప్పుడూ దగ్గరికి వెళ్లేవాడు కాదు. కొనుగోళ్ల అధికారిగా హైమవతి వచ్చింది. పాత కంప్యూటర్లు కొట్లలో దొరకవు కాబట్టి, ఆన్‌లైన్‌లో ఎవరెవరు అమ్ముతున్నారో చూసి, అమ్మేవాళ్లు రాసిన మాటల్ని బట్టి కొనడం ఆవిడ పని.

ఆవిడ మొట్టమొదట కొన్న యంత్రానికి 'మింట్ కండిషన్' అని రాసి ఉంది. మింట్ అంటే పుదీనా కదా అనుకుంది. కాదట, టంకశాలలోంచి అప్పుడే బయటికొచ్చిన నాణెంలా ఉందని అర్థమట. ఫోటోల్లో ఆ యంత్రం పట్టుబట్ట మీద, పక్కన గులాబీ పువ్వుతో, పెళ్లిచూపులకి కూర్చున్నట్టు ఉంది. అమ్మినవాళ్లు హైదరాబాదులో అపురూప భాండార్ అనే కంపెనీ.

పార్సిలు విప్పగానే హైమవతి ముక్కు చురుక్కుమంది. చేపల కంపు. ఎండుచేప కాదు, పచ్చిచేప రెండోరోజు వాసన. ఈ యంత్రం చచ్చిపోయి చాలా రోజులైందని ఆవిడ డైరెక్టరుగారితో చెప్పింది. అది ఆవిడ పూర్వపు శాఖ తాలూకు పరిమళం కావచ్చునని ఆయన మృదువుగా సెలవిచ్చి, ప్లగ్గు పెట్టించాడు. యంత్రం ఒక గురక పెట్టింది. వెనకనుంచి సన్నటి పొగ లేచింది. గదిలో ట్యూబులైటు కూడా ఒకసారి కళ్లుమూసి తెరిచింది. అంతే, ఆ యంత్రం మళ్లీ మాట్లాడలేదు.

దాంతో హైమవతికి పంతం వచ్చింది. తర్వాత కొన్ని వారాలు ఆన్‌లైన్ ప్రకటనలన్నీ రేవులో బుట్టలు చూసినట్టు చూసింది. భాష కొత్తదే గానీ గొంతులు ఆవిడకి తెలిసినవే. 'టెస్ట్ చేయలేదు' అంటే టెస్ట్ చేశారనీ, ఏం జరిగిందో చెప్పదలుచుకోలేదనీ అర్థం. 'పవర్ ఆన్ అవుతుంది' అంటే ఎర్రదీపం వెలుగుతుంది, అక్కడితో సరి. 'కేబుల్ లేక చూడలేకపోయాం' అని రాసినాయన ఫోటోలోనే, వెనక బల్ల మీద, సరిగ్గా అలాంటి కేబుల్ ఇంకో యంత్రానికి తగిలించి ఉంది. 'వయసుకు తగ్గ చిన్న మచ్చలు' అంటే ఒక మూల ఊడిపోయిందన్నమాట, ఆ మూలని గోడవైపు తిప్పి ఫోటో తీస్తారు. 'కలెక్టర్లకు మాత్రమే' అని ఒక ప్రకటన వస్తే, పాత వస్తువులు సేకరించేవాళ్ల గురించి రాశారని తెలియక, డైరెక్టరుగారు దాన్ని జిల్లా కలెక్టరు ఆఫీసుకి పంపించారు. అక్కడివాళ్లు అందినట్టు రసీదు కూడా ఇచ్చారు.

అమ్మేవాడు చెప్పినదాన్ని కాదు, చూపించనిదాన్ని చూడాలని ఆవిడకి తేలిపోయింది. వెనకవైపు ఫోటో, మూత తీసిన ఫోటో, అడుగుభాగం ఫోటో, తెరమీద అక్షరాలు వెలుగుతుండగా పక్కన ఆనాటి పేపరు పెట్టి తీసిన ఫోటో. ఇవి అడిగితే సగంమంది మళ్లీ జవాబివ్వరు. జవాబివ్వకపోవడమే జవాబు. ఇదంతా ఆవిడ డైరెక్టరుగారికి వివరంగా చెప్పి, ఇకనుంచి ఇలా అడిగి కొందామంది.

త్రివిక్రమరావు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"విక్రేత 'బాగున్నది' అని సెలవిచ్చిన పిమ్మట 'ఏదీ, చూపుము' అనుట ప్రభుత్వ మర్యాదకు భంగకరము హైమవతి గారూ. అవిశ్వాసముపై మనము సంస్థను నిర్మింపజాలము. లోపము యంత్రములో లేదు. విశేషణములో ఉన్నది."

విశేషణాన్ని బాగుచేయడానికి స్థితి నిర్ధారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు ఆయనే. సభ్యులు ఇద్దరూ ఆయనతో పాటు రిటైరైన లెక్చరర్లు. 'మింట్', 'టెస్ట్ చేయలేదు' లాంటి సంకర పదాల వల్లే ఇంత అనర్థం జరిగిందని సంఘం తేల్చింది. వాటన్నిటినీ రద్దుచేసి మూడే స్థితులు నిర్ణయించింది: ఉత్తమం, అత్యుత్తమం, మహోత్తమం. అమ్మేవాళ్లు ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. 'పరమోత్తమం' గురించి కూడా చర్చ జరిగింది గానీ, దాన్ని భవిష్యత్ అవసరాలకి దాచి ఉంచారు.

ఉత్తమం కంటే తక్కువగా ఉన్న యంత్రాల సంగతేమిటని హైమవతి అడిగింది. తక్కువ స్థితిలో ఉన్నదాన్ని ప్రభుత్వం ఎందుకు కొనాలని సంఘం ఎదురు అడిగింది.

ఇంకో రెండు నియమాలు కూడా పెట్టారు. అమ్మేవాళ్లు తమంతట తాము ఏదైనా లోపం చెబితే, లోపానికి ఇన్ని చొప్పున మార్కులు తగ్గించాలి. చెప్పని లోపాలకి తగ్గించడానికి వీల్లేదు, ఎందుకంటే అవి రికార్డులో లేవు. రెండోది ప్లగ్గు గురించి. మొదటి యంత్రంలోంచి పొగ ప్లగ్గు పెట్టాకే వచ్చింది, పెట్టక ముందు రాలేదు. కాబట్టి యంత్రాన్ని పాడుచేసింది అమ్మినవాడు కాదు, ప్లగ్గు. ఇకమీదట ఏ యంత్రాన్నీ కరెంటుకి తగిలించరాదు. పరీక్షంతా చదివి చేయాలి.

అపురూప భాండార్ వాళ్లు తెలివైనవాళ్లు. నియమాలు చదివారు, అర్థం చేసుకున్నారు, వారానికొక యంత్రం పంపడం మొదలుపెట్టారు. అన్నీ మహోత్తమాలే. మూడో నెలలో వచ్చిన పార్సిలు విప్పి హైమవతి కాసేపు దానివైపు చూస్తూ నిలబడింది. దానికి ముందుభాగంలో అద్దం తలుపుంది. తలుపు లోపల గాజుపళ్లెం ఉంది. పళ్లెం మీద ఎప్పటిదో జున్ను అంటుకుని ఉంది.

ఇది కంప్యూటర్ కాదని, మైక్రోవేవ్ ఓవెన్ అని ఆవిడ సంఘానికి చెప్పింది. సంఘం సమావేశమై వస్తువుని చుట్టూ తిరిగి చూసింది. దానికి మీటలున్నాయి, అంకెలున్నాయి, అంకెలు కనిపించే చిన్న తెర ఉంది. అన్నిటికీ మించి, దాని వెంట వచ్చిన కాగితంలో 'పురాతన గణనయంత్రము, స్థితి: మహోత్తమం' అని స్పష్టంగా ఉంది. వస్తువుకీ వర్ణనకీ తేడా వస్తే వర్ణననే ప్రమాణంగా తీసుకోవాలి, ఎందుకంటే వస్తువు కాలక్రమేణా పాడవుతుంది, వర్ణన అలాగే ఉంటుంది అని డైరెక్టరుగారు తీర్పు చెప్పారు. దాన్ని 'ద్వారయుక్త గణనయంత్రం' అనే కొత్త విభాగం కింద హాల్లో పెట్టారు. ముందు ఒక తాడు కట్టి, ముట్టరాదు అని బోర్డు పెట్టారు.

తీర్పు సంగతి హైదరాబాదు చేరింది. ఆ తర్వాత ఓవెన్లు వరసగా దిగాయి. ఒక కుట్టుమిషను 'కాలితో నడుపు గణనయంత్రం'గా వచ్చింది. కిరాణాకొట్టు కాటా ఒకటి వస్తే సంఘంలో అభిప్రాయభేదం వచ్చింది గానీ, అది లెక్క చెబుతుంది కనుక మిగతావాటికంటే నయమని ఒప్పుకున్నారు. ఆఫీసులో జనం ఓవెన్‌ని కంప్యూటర్ అనడానికి అలవాటుపడ్డారు. గుమాస్తా ఒకాయన ఇంట్లో కూడా అలాగే అనేసరికి భార్య డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

హైమవతి మాత్రం అలవాటుపడలేకపోయింది. ఆడిటరు వస్తున్నాడంటే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. బయటి మనిషి కదా, కళ్లుంటాయి కదా అనుకుంది. ఆడిటరు వచ్చి రెండు రోజులు కూర్చున్నాడు. కాగితాల్లో ఉన్న వర్ణనలనీ, యంత్రాల ముందు బోర్డుల మీద ఉన్న వర్ణనలనీ అక్షరం అక్షరం పోల్చాడు. ఒక్క తేడా కూడా లేదు. తన సర్వీసులో ఇంత పొందికైన సంస్థని చూడలేదని రాసి, ఓవెన్ ముందు నిలబడి ఫోటో దిగి వెళ్లాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఏలూరు నుంచి ఒక ప్రకటన వచ్చింది. అమ్మేది కొల్లి మేరీ కరుణ అనే ఆవిడ. ఒకప్పుడు టైపు, షార్ట్‌హ్యాండ్, ఆ తర్వాత కంప్యూటర్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ నడిపిందట. స్థితి అన్నచోట ఆవిడ మూడింట్లో ఏదీ ఎంచుకోలేదు. ఇలా రాసింది:

'పనిచేస్తుంది. పూర్తిగా కాదు. K రెండుసార్లు కొడితే ఒకసారి పడుతుంది. వానాకాలంలో ఫ్లాపీ మొరాయిస్తుంది. కుడివైపు అడుగున బీట ఉంది, అది నా చేతుల్లోంచి జారినప్పుడు పడింది. తెరమీద అక్షరాలు కొంచెం వణుకుతాయి. గంటన్నర నడిపితే వేడెక్కుతుంది, అప్పుడు ఆపి కాఫీ తాగి రావాలి.'

ఫోటోలు ఎవరూ అడక్కుండానే పెట్టింది. వెనకవైపు ఉంది, మూత తీసిన లోపల ఉంది, బీట దగ్గర స్కేలు పెట్టి తీసినది ఉంది. తెరమీద వెలుగుతున్న ఆకుపచ్చ అక్షరాల పక్కన ఆ రోజు పేపరు ఉంది. హైమవతి ఆ ఫోటోల్ని చాలాసేపు చూసింది. రేవులో ఎప్పుడో ఒకసారి తగిలేది ఇలాంటి మనిషి, తనే మొప్ప ఎత్తి చూపించే మనిషి.

సంఘం ఆ ప్రకటన చదివి చిన్నబుచ్చుకుంది. లోపానికిన్ని చొప్పున తీసేస్తే యంత్రానికి వచ్చిన మార్కులు సున్నా కిందికి పోయాయి. ఇంత నిర్మొహమాటంగా ప్రభుత్వానికి రాయడం అవిధేయత కిందికి వస్తుందా అని కూడా ఒక సభ్యుడు అడిగాడు. తిరస్కరించారు.

హైమవతి సెలవు పెట్టి ఏలూరు బస్సెక్కింది.

పవర్‌పేటలో ఒక మేడమీద గది. గోడకి ఇంకా ఇన్‌స్టిట్యూట్ బోర్డు వేలాడుతోంది. మేరీ కరుణకి డెబ్బై దాటి ఉంటాయి, సన్నగా, నిటారుగా ఉంది. కుర్చీలో కూర్చున్నా టైపు కొడుతున్నట్టే వేళ్లు కదులుతుంటాయి. ఇంటి యజమాని నెలాఖరుకి గది ఖాళీ చేయమన్నాడట. పాత ఇనుము కొనేవాడు వచ్చి యంత్రాన్ని చేతులతో ఎత్తి, బరువు చూసి, వెళ్లాడట. ఎవరూ తీసుకోకపోతే శనివారం వాడు వచ్చి సుత్తితో పగలగొట్టి తీసుకుపోతాడు.

హైమవతి యంత్రం వెనక్కి వంగి అలవాటుగా వాసన చూసింది. చేపల కంపు లేదు. తను మొదట కొన్నదాంట్లో ఆ వాసన ఎందుకొచ్చిందో కొంచెం మొహమాటంగా అడిగింది. కరుణ ఆశ్చర్యపోలేదు. లోపల కెపాసిటర్లని చిన్న చిన్న డబ్బాల్లాంటివి ఉంటాయనీ, వయసైపోతే అవి కారతాయనీ, కారితే అచ్చం పాచిపోయిన చేప వాసన వేస్తుందనీ చెప్పింది. తన యంత్రంలో కారకముందే తీసేసి కొత్తవి అతికించిందట. "మీ ముక్కు సరిగ్గానే చెప్పిందమ్మా" అంది. ఆ మాట విన్నాక హైమవతి కళ్లలో కొంచెం నీళ్లు తిరిగాయి. ఏడాదిగా ఆఫీసులో అందరూ ఆవిడ పక్కన కూర్చునేటప్పుడు కిటికీ తెరుస్తున్నారు మరి.

కాఫీ తాగుతూ ఆవిడ అసలు విషయానికొచ్చింది. స్థితి అన్నచోట ఉత్తమం అని ఒక్క మాట రాస్తే చాలు, మిగతాది తను చూసుకుంటానంది.

"ఉత్తమం అని ఎలా రాయనమ్మా? K పడదు కదా."

"మిగతావన్నీ పడతాయి కదా టీచరు గారూ. అక్కడికొచ్చేవన్నీ అబద్ధాలే. ఒక్క మాటకి దీన్ని సుత్తికి అప్పజెప్పుకుంటారా?"

కరుణ కప్పు కింద పెట్టింది. యంత్రం మీద చెయ్యి వేసింది.

"నేనిది పాడైందని తెలిసి కూడా ప్రేమించానమ్మా. బాగుందని చెబితేనే ఉంచుతామనేవాళ్ల దగ్గర ఇదెన్నాళ్లు ఉంటుంది? K పడలేదని తెలిసిన రోజున బయటపెట్టేస్తారు."

హైమవతి ఇంక బలవంతపెట్టలేదు. తిరుగు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. అమ్మేవాళ్ల చేత నిజం చెప్పించడానికి జీవితమంతా పనిచేసింది. ఇవాళ అబద్ధం చెప్పమని బతిమాలి వచ్చింది.

మర్నాడు ఆఫీసు క్యాంటీన్‌లో మస్తాన్ వలీ గోడు వెళ్లబోసుకున్నాడు. క్యాంటీన్ నడిపేది అతనే. పఫ్‌లు వేడిచేయడానికి ఒక ఓవెన్ ఇప్పించమని ఎన్నాళ్లనుంచో అడుగుతున్నాడు. హాల్లో అన్ని ఓవెన్లున్నాయి, ఒక్కటీ ముట్టనివ్వరు. క్యాంటీన్ సామానుకి సంఘంతో పనిలేదట. రెండు ప్రశ్నలే ఉంటాయట, ఎప్పటినుంచో ఉన్నవే: పనిచేస్తుందా? వేడెక్కుతుందా? అమ్మేవాళ్లు జవాబిస్తే, మస్తాన్ సంతకం పెడితే చాలు.

హైమవతి చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

ఆవిడ అక్కడినుంచే ఏలూరికి ఫోను చేసింది. ఉన్న సంగతంతా దాచకుండా చెప్పి, ఆ రెండు ప్రశ్నలూ అడిగింది. K ఒక్కటి తప్ప అంతా పనిచేస్తుందని కరుణ చెప్పింది. గంటన్నర దాటితే వేడెక్కుతుందనీ చెప్పింది. అది కంప్యూటరనే రాయాలనీ, ఓవెన్ అని రాస్తే ఇవ్వననీ గట్టిగా చెప్పింది. హైమవతి అలాగే రాసింది: 'కంప్యూటర్. K తప్ప పనిచేస్తుంది. గంటన్నర దాటితే వేడెక్కుతుంది.' మస్తాన్ చదివి, గంటన్నర అంటే పఫ్‌కి ఎక్కువ టైమే గానీ ఏమీ లేనిదానికంటే నయమని సంతకం పెట్టబోయాడు. ఇది పఫ్‌లు వేడిచేసేది కాదనీ, నిజంగా కంప్యూటరేననీ ఆవిడ చెప్పాల్సి వచ్చింది. ఈ బిల్డింగులో నిజంగా కంప్యూటరైనది ఒకటి ఉంటే చూడాలని తనకీ ఉందంటూ అతను సంతకం పెట్టేశాడు.

అకౌంట్స్‌లో ఎవరూ అడ్డుచెప్పలేదు. క్యాంటీన్‌కి కంప్యూటర్ అని చూడగానే, మస్తాన్‌కి ఎట్టకేలకు ఓవెన్ వస్తోందని అందరూ సంతోషించారు.

శుక్రవారం మేరీ కరుణ తనే వ్యానులో వచ్చింది. యంత్రాన్ని బొంతలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ప్రింటరు కాళ్ల దగ్గర ఉంది. క్యాంటీన్‌లో కిటికీ పక్క బల్లమీద అమర్చి, ప్లగ్గు పెట్టి, వెనక్కి జరిగింది. తెరమీద ఆకుపచ్చ అక్షరాలు కొంచెం వణుకుతూ వెలిగాయి. మస్తాన్ టీ పొయ్యి కట్టేసి మరీ వచ్చి చూశాడు.

మ్యూజియం ప్రారంభోత్సవం సోమవారం. మంత్రిగారు వచ్చారు. రాజకీయాల్లోకి రాకముందు ఆయనకి రైసుమిల్లు ఉండేది. రిబ్బను కత్తిరించి, హాల్లో వరసగా పెట్టిన యంత్రాల మధ్య నడిచారు. బోర్డులన్నీ చదివారు. అన్నిటిమీదా మహోత్తమమే. ఒకదాని దగ్గర ఆగారు.

"ఇదొకటి ఆన్ చేసి చూపించండి."

"అయ్యా, మహోత్తమ స్థితిలో ఉన్నవి గనుక ఆన్ చేయుట లేదు" అన్నాడు త్రివిక్రమరావు. "ఆన్ చేసినచో స్థితి మారు ప్రమాదము గలదు."

"అసలు ఆన్ అవుతాయా?"

"రాతపూర్వకముగా అవుతాయి."

మంత్రిగారు ముందుకి నడిచి, ద్వారయుక్త గణనయంత్రం ముందు నిలబడ్డారు. ఇలాంటిది తమ ఇంట్లో కూడా ఉందని, అందులో పాలు కాస్తారని మెల్లిగా అన్నారు. అలాగైతే తమరి గృహమునందును వారసత్వ సంపద కలదని డైరెక్టరుగారు అభినందించారు.

అప్పుడు పక్కగదిలోంచి కర్రుకర్రుమని పెద్ద చప్పుడు వచ్చింది. మిల్లు నడిపిన మనిషి కదా, ఏదో యంత్రం పనిచేస్తోందని మంత్రిగారి చెవికి తెలిసిపోయింది. డైరెక్టరుగారు అటు క్యాంటీన్ అనీ, చూడదగ్గవి ఏమీ లేవనీ చెబుతుండగానే ఆయన అటు నడిచారు. పేపర్లవాళ్లు వెనకాల నడిచారు.

యంత్రం కొత్తచోట కుదురుకునేదాకా ఉండిపోయిన మేరీ కరుణ క్యాంటీన్‌లో ఆ రోజు టిఫిన్ల పట్టిక ప్రింటు తీస్తోంది. చప్పుడు ఆ ప్రింటరుది. ఆవిడ మంత్రిగారిని చూసి లేచి నిలబడింది గానీ, కంగారుపడలేదు. కూర్చోబెట్టి, పేరు కొట్టమంది. ఆయన పేరు K తోనే మొదలవుతుంది. కొట్టారు, పడలేదు.

"అది రెండుసార్లు కొడితేగానీ పడదండి" అంది కరుణ, స్టూడెంటుతో చెప్పినట్టు.

రెండోసారి కొట్టారు. పడింది. మంత్రిగారు పేరంతా ఒక్కో వేలితో కొట్టి, ప్రింటరు కర్రుకర్రుమంటూ దాన్ని కాగితం మీదికి దించుతుంటే పక్కనే వంగి చూశారు. దీనికి ఇంకా ఏం జబ్బులున్నాయని అడిగారు. కరుణ అన్నీ చెప్పింది. వానాకాలం సంగతి, బీట సంగతి, అక్షరాల వణుకు సంగతి. బీట తన చేతుల్లోంచే జారి పడిందని కూడా చెప్పింది. ఆయన అన్నీ శ్రద్ధగా విన్నారు.

"నేను మంత్రినయ్యాక ఏదైనా పాడైందని నాతో చెప్పిన మొదటి మనిషి మీరేనమ్మా" అన్నారు.

ఆయన అక్కడినుంచి లేవలేదు. యంత్రం వేడెక్కేదాకా ఆడుకున్నారు. వేడెక్కాక దాన్ని ఆపి, మస్తాన్ ఇచ్చిన కాఫీ తాగి వెళ్లారు.

ఆ తర్వాత జరగాల్సినవి జరిగాయి. మేరీ కరుణని క్యాంటీన్ గదికి ఇన్‌స్ట్రక్టరుగా వేశారు. ఊళ్లో స్కూళ్లవాళ్లు పిల్లల్ని తీసుకొచ్చి హాలు దాటించి నేరుగా అక్కడికే పంపిస్తున్నారు. ఏ రోజు ఏది మొరాయించిందో ఆవిడ ఒక పలకమీద రాసి పెడుతుంది, జనం ముందు అది చదివి మరీ లోపలికి వెళతారు. హైమవతి సాయంత్రాలు వచ్చి ఆవిడ దగ్గర టైపు నేర్చుకుంటోంది. హాల్లో ఓవెన్లలో ఒకదాన్ని మస్తాన్‌కి ఇచ్చారు, అది ఒకరోజు పనిచేసింది.

మంత్రిగారు మాత్రం ఆ పూట మర్చిపోలేదు. రాష్ట్రంలో ప్రతి సంస్థా తన లోపాలని స్వయంగా ప్రకటించుకోవాలని ఉత్తర్వు తీయించారు. ఉత్తర్వు ఆయన నోట్లోంచి బయల్దేరినప్పుడు ఒక మంచిమాటే. సచివాలయంలో బల్లలన్నీ దాటి వచ్చేసరికి, ప్రతి సంస్థా ఐదు లోపాలకి తగ్గకుండా, ఆధారాలతో సహా, నెలాఖరులోగా పంపాలని అయింది. ఆఫీసులన్నీ లోపాల కోసం గాలించడం మొదలుపెట్టాయి. లోపాలు దొరకని ఒక ఆఫీసువాళ్లు ఉన్న కిటికీ ఒకటి పగలగొట్టుకున్నారట. నాణ్యమైన లోపాలు సరఫరా చేయబడును అని అపురూప భాండార్ వాళ్లు అప్పుడే ప్రకటన ఇచ్చేశారు.

డాక్టర్ త్రివిక్రమరావు సంఘాన్ని సమావేశపరిచాడు. సంఘం ఎంత వెతికినా సంస్థలో ఒక్క లోపం కూడా కనిపించలేదు. ఆ మాటే రాసి పంపడం తప్ప గత్యంతరం లేదని ఆయన నిశ్చయించుకున్నాడు. ఇంత గంభీరమైన ప్రకటన చేత్తో రాసి పంపితే బాగుండదు, హైమవతి చేత కొట్టిద్దామంటే ఆవిడ సెలవులో ఉంది. చివరికి ఆయనే స్వయంగా, జీవితంలో మొదటిసారి, ఒక కంప్యూటర్ దగ్గరికి వచ్చాడు.

మేరీ కరుణ ఆయనకి కుర్చీ చూపించింది. తను కొట్టిపెట్టనంది, తన దగ్గరికొచ్చినవాళ్లెవరైనా తమ కాగితం తామే కొట్టుకోవాలట. ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ఒక్కొక్కటే వెతుక్కుంటూ మధ్యాహ్నమంతా కొట్టాడు. మొదటి వాక్యంలోనే 'సంస్థ' కాస్తా 'సమస్య' అయింది. 'లోపములు లేవు' అన్నచోట 'లేవు' రానేలేదు. 'వారసత్వం'లో సగం ఎటో పోయింది. తన పేరులో ఉన్న K పడక, ఇంటిపేరు 'ఆరుమూరు' అయింది. చివర సంతకం కింద 'డైరెక్టర్' అన్నది రెండుసార్లు వచ్చింది. ఆయనకి అన్నీ సరిగ్గానే కనిపించాయి. సంతకం పెట్టి, కవర్లో పెట్టి పంపించేశాడు.

పదిహేను రోజులకి సచివాలయం నుంచి జవాబు వచ్చింది. లోపాలు ఐదూ, ఆధారాలతో సహా, ఒకే కాగితంలో, డైరెక్టరు సంతకంతో, గడువు లోపల పంపిన సంస్థ రాష్ట్రం మొత్తంమీద ఇదొక్కటేనని ప్రభుత్వం మెచ్చుకుంది. మిగతా సంస్థలు కూడా ఇదే నమూనాలో పంపాలని, ఆ కాగితం నకలు అన్ని శాఖలకీ పంపించారు.